పేరు తెలియని ఆ చెల్లెలికి

ఫిజియోథెరపీ నుంచి వచ్చి పడుకోకుండా ఇది రాస్తున్నాను. ఒళ్లంతా పులిసిపోయింది, కుడిచేత్తో ఒక్కొక్క అక్షరమే కొడుతున్నాను. రేపు రాద్దామంటే ఇంత నిండుగా రాయలేనేమో.

పక్షవాతం వచ్చాక ఎడమ కాలి మీద నమ్మకం పోయింది. తిన్నగా నడవడం ఎలాగో వచ్చింది కానీ వెనక్కి తిరగాలంటే గుండె జారిపోతుంది. పడిపోకుండా ఎంత నిలదొక్కుకోగలమో చూసే బెర్గ్ పరీక్ష అని ఒకటి పెడతారు, 14 అంశాలు, 56 మార్కులు. ఉన్నచోటే గుండ్రంగా తిరగమనే అంశం దగ్గర ప్రతిసారీ ఆగిపోతాను. ఈ రోజు వరండా చివర అలాగే బిగుసుకుపోయాను. ఎదురుగా గోడ, వెనక్కి తిరిగే ధైర్యం లేదు. మా వారు బిల్లు కట్టడానికి వెళ్లారు.

తండ్రిని చికిత్సకు తీసుకొచ్చి కూర్చున్న ఒక అమ్మాయి లేచి వచ్చింది. చేయి పట్టుకుని లాగలేదు. (జాలితో అందరూ ఆ పడిపోయిన చేతినే పట్టుకుని లాగుతారు, భుజం కీలు జారే ప్రమాదం ఉందని తెలియక.) నా ఎడమ పక్కన కాస్త వెనగ్గా నిలబడి, నడుము దగ్గర అరచేయి ఆనించింది. “పడనివ్వను అక్కా. ఎడమ కాలి మీదికి కొంచెం బరువు రానివ్వండి. ఒకేసారి తిరగకండి, చిన్న చిన్న అడుగులు వేయండి” అంది. ఇంతలో లోపలి నుంచి వాళ్ల నాన్నగారి పేరు పిలిచారు. ఆ పిలుపు కోసం వాళ్లు పొద్దుటి నుంచి కూర్చున్నారు. “తర్వాతి వారిని పిలవండి, మేము ఆగుతాము” అంది. ఆ పెద్దాయన కూడా బాగున్న చేయెత్తి, కానివ్వమన్నట్టు ఊపారు. నేను తిరిగాను. ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను. మంచాన పడి ఉన్నప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఒక మాట అనకుండా ఉండలేను. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో ప్రతి మాత్రకూ వేళ రాశారు. నడకకు మాత్రం ‘ఫిజియోథెరపీ కొనసాగించాలి’ అని ఒక్క ముక్క. ఎక్కడ, ఎన్నాళ్లు, ఇంట్లో ఏం చేయాలి, చెప్పిన వాళ్లు లేరు. మొదటి మూడు నెలల్లోనే కోలుకోవడం వేగంగా ఉంటుందని వాళ్లే అంటారు. ఆ రోజుల్లోనే తేదీ దొరక్క ఇంట్లో కూర్చున్నాము. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు అన్న సంగతి కూడా ఈ అమ్మాయి చెబితేనే తెలిసింది.

మా వారికి, పిల్లలకు, అత్తయ్యకు వేరే చెప్పాలా, వాళ్లకు తెలుసు. మా ఫిజియోథెరపిస్టు గారి ఓపికకు నమస్కారం.

అయ్యో, చక్రాల కుర్చీ తోసే అతన్ని మరిచాను. గడప వచ్చినప్పుడల్లా ముందే చెప్పి మరీ ఎత్తేవాడు. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ బిగించి, డబ్బు తీసుకోని పక్కింటి ఆయనకు కూడా. రాత్రిళ్లు నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టిన నర్సులిద్దరికీ.