బాకీ అడగలేనివారికి సొంత వ్యాపారం

సంపాదకులు గారికి,

నమస్కారములు. ఉద్యోగం వదిలి సొంతంగా పని పెట్టుకున్నవారి విజయగాథలు పత్రికలలో తరచుగా చదువుతుంటాను. వాటిలో పెట్టుబడి గురించీ, తెగువ గురించీ చాలానే ఉంటుంది గానీ, ఆ జీవితం ఆ మనిషి స్వభావానికి సరిపడుతుందా అన్న ప్రశ్న దాదాపుగా కనిపించదు. బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో ఎనిమిదేళ్ళు లేత్ షెడ్డు నడిపి, చివరకు దాన్ని మూసి మళ్ళీ జీతానికి చేరినవాడిగా, ఆ ప్రశ్న గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

నాకు పని వచ్చు. కొలతలో ఇసుమంత తేడా ఉన్నా సరుకు గుమ్మం దాటనిచ్చేవాడిని కాను. రాత్రి పదింటి వరకు యంత్రం దగ్గర నిలబడటానికీ ఏనాడూ బద్ధకించలేదు. నాకు చేతకానిదల్లా డబ్బు అడగడం. బిల్లు ఇచ్చి మూడు నెలలు దాటినా, సరుకు కొన్న పార్టీ ఆఫీసుకు వెళ్ళి, కాఫీ తాగి, వారి పిల్లల చదువుల గురించి మాట్లాడి, అసలు సంగతి ఎత్తకుండానే తిరిగి వచ్చిన రోజులకు లెక్కలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అకౌంట్సు విభాగం వారు అమ్మకన్నా దయగలవారేమీ కాదు.

ఇందుకు చట్టంలో మందు లేదా అంటే, ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, నమోదైన చిన్న సంస్థ సరఫరా చేసిన సరుకును అంగీకరించిన కొనుగోలుదారు, ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా సరే, 45 రోజులు మించకుండా సొమ్ము చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ కట్టాలి. ఆ మాట ఎత్తితే తరువాతి ఆర్డరు పోతుందేమోనన్న భయంతో నేను దాన్ని ఒక్కసారి కూడా వాడుకోలేదు. జీఎస్టీకి మాత్రం ఇలాంటి మొహమాటాలు లేవు. నెలనెలా రిటర్ను వేసే మాబోటివారు, పార్టీ దగ్గర నుంచి రూపాయి రాకపోయినా, బిల్లు రాసిన మరుసటి నెల 20వ తేదీకల్లా పన్ను కట్టవలసిందే. నాకు రావలసిన సొమ్ము ఊళ్ళో ఉండగా, నేను వడ్డీకి తెచ్చి పన్ను కట్టేవాడిని.

మా బావమరిది పక్క వీధిలోనే ఇదే పని చేస్తాడు. పనితనంలో నాకన్నా ఒక మెట్టు తక్కువేనని అతనే ఒప్పుకుంటాడు. కానీ వారానికొక ఉదయం బాకీల పుస్తకం ముందు పెట్టుకుని, కోపమూ సిగ్గూ లేకుండా, నవ్వుతూనే వరుసగా అందరికీ ఫోన్లు చేస్తాడు. అవతలివారు విసుక్కుంటే ఆ విసుగును ఫోనులోనే వదిలేసి భోజనానికి లేస్తాడు. ఇది అలవాటు చేసుకుంటే వచ్చే గుణమని అతనంటాడు. నలభై దాటాక రాదని నేనంటాను. ఈ వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు.

2015లో ముద్రా పథకం వచ్చినప్పటి నుంచి పూచీకత్తు లేకుండానే 10 లక్షల రూపాయల వరకు అప్పు దొరుకుతోంది. ఆ పథకంలో పెద్ద అప్పులకు ఉన్న తరుణ్ విభాగంలో తీసుకున్న అప్పును సక్రమంగా తీర్చినవారికి ఈ పరిమితి ఇప్పుడు 20 లక్షలు. మంచిదే. అయితే బ్యాంకువారు ప్రాజెక్టు రిపోర్టు అడుగుతారే గాని, ఒకటో తారీఖున జీతం పడని నెలలో మీకు నిద్ర పడుతుందా, లేపే పైఅధికారి లేని రోజున మీరు ఎన్నింటికి లేస్తారు, కాదన్నవారి గడప మళ్ళీ తొక్కగలరా అని అడగరు. వీటిలో మొదటి రెండింటికి నేను తట్టుకున్నాను. మూడోది నన్ను ముంచింది.

ఇప్పుడు మారతహళ్ళిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, రాజీనామా ఇచ్చి సొంత సంస్థ పెడతానంటున్నాడు. నేను కాదనలేదు. షెడ్డు మూసినా నాకింకా రావలసిన పాత బాకీలు మూడున్నాయి. ముందు వాటిని వసూలు చేసుకురమ్మని చిరునామాలు ఇచ్చాను. నెల రోజుల్లో రెండు తెచ్చాడు. మూడో చోట కాఫీ తాగి వచ్చాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
దాసరహళ్ళి, బెంగళూరు