ఆ కొత్త ప్యానెల్ కోసం ఆగకురా

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. ఇంటి మీద సోలార్ పెట్టించడం వాయిదా వేశానని, పెరోవ్‌స్కైట్ అనే కొత్త పదార్థంతో చేసే ప్యానెళ్లు వచ్చేదాకా ఆగుతానని రాశావు చూడు, అది చదివాక ఊరుకోలేకపోయాను. తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గానే చదువు.

నా దగ్గర ఒక పాత నోట్‌బుక్ ఉంది. కరెంటు, బ్యాటరీల రంగంలో ఏదైనా కొత్తది కనిపెట్టారని వార్త వస్తే తేదీ వేసి ఎడమ పేజీలో రాసుకుంటాను. అది నిజంగా మార్కెట్లోకి వచ్చిన రోజున కుడి పేజీలో రాస్తాను. ఎడమ పేజీలు నిండిపోయాయి, కుడివైపు చాలాచోట్ల ఖాళీయే. పరిశోధన చేసేవాళ్లు అబద్ధం చెప్పారని నేననను. ల్యాబ్‌లో వాళ్లు చూపించింది నిజమే. అక్కణ్నుంచి మన ఇంటి కప్పు దాకా ఎంత దారి ఉందో మాత్రం ఆ వార్తల్లో ఉండదు.

పెరోవ్‌స్కైట్ సంగతే చూడు. 2009లో జపాన్‌లో మియాసాకా అనే శాస్త్రవేత్త బృందం చేసిన సెల్ సామర్థ్యం, అంటే పడిన ఎండలో కరెంటుగా మారేది, 3.8 శాతం. ఇప్పుడు ల్యాబ్‌లో 25 శాతం దాటేసింది. ఇప్పుడు మామూలుగా ప్యానెళ్లలో వాడే సిలికాన్‌కి అంత ఎదగడానికి దశాబ్దాలు పట్టింది కాబట్టి ఇది చిన్న విషయం కాదు, తలుచుకుంటే నాకూ సంబరంగానే ఉంటుంది. కానీ ఆ రికార్డులు కొట్టే సెల్ ఎంతుంటుందో తెలుసా? చాలాసార్లు చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. అంత ముక్క మీద సన్నటి పొర సమంగా పరచడం ఒక ఎత్తు, తలుపంత గాజు పలక మీద ఎక్కడా సూదిమొన అంత రంధ్రం కూడా పడకుండా పరచడం ఇంకో ఎత్తు. పైగా ఆ పదార్థానికి తేమ పడదు, వేడి పడదు. ఎక్కువ రకాల్లో సీసం కూడా ఉంటుంది. మామూలు సిలికాన్ ప్యానెల్‌కి 25 ఏళ్ల వారంటీ ఇస్తున్నారు. పెరోవ్‌స్కైట్ అన్నేళ్లు నిలుస్తుందో లేదో చూడ్డానికి పెట్టెలో పెట్టి వేడి, తేమ పెంచి పరీక్షలు చేస్తారు గానీ, ఎండకి ఎండి వానకి తడిసిన ఏళ్లకి అవి పూర్తిగా సాటి రావు. 2024లో ఆక్స్‌ఫర్డ్ పీవీ అనే కంపెనీ సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ పొర వేసిన ప్యానెళ్లు అమ్మింది. సంతోషంగా కుడి పేజీలో రాసుకున్నాను. కాకపోతే అవి వెళ్లింది పెద్ద సోలార్ ప్లాంటుకి.

ఇంకో మాట. కొత్తది వచ్చేలోగా పాతది చేతులు ముడుచుకుని కూర్చోదు. సొలిండ్రా అనే అమెరికా కంపెనీ గుర్తుందా? సిలికాన్ ధర మండిపోతున్న రోజుల్లో, అసలు సిలికాన్ అక్కర్లేని గొట్టాల్లాంటి ప్యానెళ్లు చేసింది. అమెరికా ప్రభుత్వం 53.5 కోట్ల డాలర్ల అప్పుకి హామీ ఇచ్చింది. ఈలోపు సిలికాన్ ధర కుప్పకూలింది, 2011లో కంపెనీ దివాలా తీసింది. వాళ్ల ప్యానెళ్లు కరెంటు ఇవ్వక కాదురా, పక్కవాడి సరుకు అంత చౌకైపోయింది. ఆ కంపెనీలో పనిచేసినవాళ్లని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

గెలిచినవాటికీ ఓపిక కావాల్సి వచ్చింది. లిథియం బ్యాటరీకి కావలసిన కోబాల్ట్ ఆక్సైడ్‌ని గుడెనఫ్ అనే శాస్త్రవేత్త 1980లో చూపించాడు, 1985లో యోషినో అనే ఇంకో శాస్త్రవేత్త బ్యాటరీ నమూనా తయారుచేశాడు, సోనీ 1991లో అమ్మకానికి తెచ్చింది. అది కూడా ముందు వీడియో కెమెరాల్లాంటి చిన్న వస్తువుల్లోకి. కార్లలోకి బాగా రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు. చిన్న వస్తువులో ఎక్కువ ధరకి అమ్ముడుపోతూ, లక్షల్లో తయారవుతూ, మెల్లగా చౌకైంది. నేను నమ్మేది ఈ దారినే.

ఫ్యూజన్ గురించి, అంటే పరమాణు కేంద్రకాల్ని కలిపి శక్తి తీయడం గురించి కూడా అడిగావు. 2022 డిసెంబర్‌లో అమెరికా ల్యాబ్‌లో 2.05 మెగాజౌల్స్ లేజర్ శక్తి పెడితే 3.15 వచ్చింది. ఆ లేజర్లు పనిచేయడానికే దాదాపు 300 మెగాజౌల్స్ కరెంటు పట్టింది. సైన్సుగా గొప్ప రోజే, కానీ దాన్ని నమ్ముకుని మనం ఏ నిర్ణయమూ తీసుకోలేం.

కాబట్టి నా మాట విని ఇప్పుడు దొరికే సిలికాన్ ప్యానెళ్లే పెట్టించు. నువ్వు ఆగిన ప్రతి ఏడూ కప్పు మీద ఎండ ఊరికే పోతోంది. కొత్త రకం ఇంటికి అమ్ముతామని ఎవరైనా వస్తే ముందు వారంటీ కాగితం అడుగు. ఎన్నేళ్లకి సామర్థ్యం ఎంత తగ్గుతుందో అందులో రాసి ఉండాలి. అది నాకు పంపు, ఇద్దరం కలిసి చదువుదాం.

నీ
మధు