ఓటరు జాబితాలో మా పేర్లు మేమే గుర్తుపట్టలేకపోతున్నాం

ఒడిశా ముఖ్య ఎన్నికల అధికారి గారికి,

అయ్యా, ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. దీన్ని చదివి చెప్పేవాళ్లు మీ దగ్గర వెంటనే దొరకకపోవచ్చు. అయినా కష్టం చెప్పుకునేవాళ్లు దేశంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణంలో ఉంది. నాకు ఒడియా బాగానే వచ్చు. చదివింది ఒడియా మీడియంలోనే. నా జిరాక్స్ షాపులో రోజూ జనానికి ఒడియాలో ఫారాలు నింపి పెడతాను. కానీ ఇప్పుడు చెప్పబోయే సంగతిని ఒడియా అక్షరాల్లో రాస్తే, అందులో ఉన్న తప్పు కనపడకుండా పోతుంది.

2024 ఎన్నికల్లో గంజాం జిల్లా సముద్ర తీరంలోని ఒక శాసనసభ స్థానానికి నేను స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాను. మొదటిసారి. మా ఇంట్లో అంతకుముందు వార్డు మెంబరుకు కూడా ఎవరూ పోటీ చెయ్యలేదు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాలేదు కాబట్టి కట్టిన పదివేల డిపాజిట్టూ పోయింది. చిట్టీ పాడి తెచ్చిన డబ్బు అది, వాయిదాలు ఇంకా కడుతూనే ఉన్నాను. దాని గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. అభ్యర్థి నలభై లక్షల దాకా ఖర్చు పెట్టొచ్చని చెప్పి ఒక పెద్ద ఖర్చుల రిజిస్టరు ఇచ్చారు. నాకు అందులో మూడు పేజీలు సరిపోయాయి. ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లోపే లెక్క అప్పజెప్పాను. గుర్తుల్లో పడవ అడిగాను. ఇంకో స్వతంత్రుడూ అదే అడిగాడు. చీటీ వేస్తే అతనికి పోయింది, నాకు కుట్టు మిషన్ వచ్చింది. వలలకు చిరుగులు కుట్టుకునే వాళ్లమే కదా, ఇదీ మనదేలే అని మా ఊరివాళ్లు సర్దుకున్నారు.

ఫిర్యాదంతా పేర్ల గురించి.

మాది సముద్రంలో చేపలు పట్టుకునే వాడబలిజల ఊరు. చుట్టుపక్కల ఒడియావాళ్లు మమ్మల్ని నోలియాలంటారు. గోపాలపురం అటూ ఇటూ ఒడ్డు పొడుగునా ఇలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా, పని కోసం చెన్నై వెళితే అక్కడ తమిళం. మాలో పెద్దవాళ్లకు ఏ లిపీ రాదు. వాళ్ల పేర్లను ఎప్పుడో ఎవరో విని, తమకు వినపడినట్టు రాసుకున్నారు.

ఎల్లమ్మ అనే పేరు తీసుకోండి. తెలుగులో ఎ వేరు, ఏ వేరు. ఒడియాలో రెండింటికీ ఒకటే అక్షరం. ఒత్తులు పెట్టడమన్నది రాసేవాళ్ల ఓపిక. ఓపిక లేకపోతే ఎల్లమ్మ కాస్తా ఏలామా అవుతుంది. దాన్ని కంప్యూటరు ఇంగ్లీషులోకి తిప్పుతుంది. ఆధార్ తీసిన కుర్రాడు ఆ ఇంగ్లీషు చూసి మళ్లీ ఒడియాలోకి తిప్పుతాడు, ఈసారి ఇంకోలా. అప్పన్న సంగతి మరీ చిత్రం. అకారాన్ని ఒడియాలో ఒకారంలా పలుకుతారు కాబట్టి రాసింది సరిగ్గానే ఉన్నా చదివేటప్పుడు ఒపొన్నా అవుతాడు. ఇంటిపేరు ముందు చెప్పుకోవడం మా అలవాటు, ఫారంలో ఆ గడి చివర ఉంటుంది. అందువల్ల ఒకే ఇంట్లో తండ్రికి ఒక ఇంటిపేరు, కొడుకుకి ఇంకొకటి పడ్డ కార్డులు నా షాపుకి వస్తూనే ఉంటాయి. పన్నెండేళ్లుగా, ఓటరు వివరాల్లో తప్పులు దిద్దించుకునే ఫారం 8లు నింపుతున్నాను. ఒకటి సరిచేసేలోపు ఇంకో రెండు తప్పులు వస్తాయి. ఎన్నికల్లో నిలబడాలన్న ఆలోచన ఆ కౌంటరు వెనకే పుట్టింది.

నామినేషన్ నాటి సంగతి చెబుతాను. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థిని ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రులకు అదే నియోజకవర్గం ఓటర్లు పదిమంది కావాలి. నా పదిమందిలో ఆరుగురు తెలుగులో సంతకం పెట్టారు, ముగ్గురు ఒడియాలో. పదో మనిషి మా పెద్దమ్మ ఎల్లమ్మ, వేలిముద్ర. వేలిముద్ర వేసే మనిషి అధికారి ఎదుటే వెయ్యాలి, మనిషి ఎవరో ఆయన నమ్మాకే అది చెల్లుతుంది. సరే అని ఆవిణ్ణి ఆటోలో తీసుకెళ్లాను. పొద్దుట అమ్మగా మిగిలిన కవ్వళ్ల చేపలు గంపలోనే ఉన్నాయి. గంప బయట చెట్టు కింద పెట్టి లోపలికి వచ్చింది. చెయ్యి కడుక్కున్నా వాసన పోదు కదా, బల్ల దగ్గరున్న గుమాస్తా కాస్త వెనక్కి జరిగాడు. అతన్ని తప్పు పట్టను, ఎండు చేపల వాసన అలవాటు లేనివాళ్లకు అలాగే ఉంటుంది.

పేరేమిటన్నాడు. చెప్పింది. జాబితాలో వేలు పెట్టి వెతికి, ఈ పేరు లేదన్నాడు. నేను వరుస నంబరు చూపించాను. అతను అక్కడున్నది బయటికి చదివాడు. మా పెద్దమ్మ నా మొహం చూసింది.

"అది నా పేరు కాదు బాబూ," అంది. "ఆవిడెవులో నాకు తెల్దు."

అదృష్టం కొద్దీ ప్రజాప్రాతినిధ్య చట్టం 33వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ప్రింటు తీసి సంచిలో పెట్టుకున్నాను. అభ్యర్థి పేరులోగానీ ప్రతిపాదించినవాళ్ల పేరులోగానీ జాబితాలో రాత తప్పో అచ్చు తప్పో ఉంటే, మనిషి ఎవరో అందరికీ తెలిసేట్టు ఉన్నప్పుడు, దాన్ని పట్టించుకోనక్కర్లేదని అందులో ఉంది. పై అధికారి దాన్ని రెండుసార్లు చదివి తలాడించారు. ముద్ర పడింది. జిరాక్స్ షాపు లేని అభ్యర్థి అయితే ఏం చేసేవాడో నాకు తెలీదు.

తర్వాతది ఇంకా చిత్రం. నా పేరు కూడా జాబితాలో తప్పుగానే ఉంది. అభ్యర్థి తన పేరు బ్యాలెట్ మీద ఎలా ఉండాలో ఒక్క తెల్ల కాగితం మీద రాసిస్తే చాలు, పోటీదారుల జాబితా తయారయ్యేలోపు సరిచేస్తారని 1961 నియమాల్లో ఉంది. రాసిచ్చాను. అడిగినట్టే వేశారు. సంతోషించాను, తర్వాత సిగ్గేసింది. ఓటు అడిగే నాకు ఒక్క కాగితం చాలింది. ఓటు వేసే మా పెద్దమ్మ చేత ఫారం 8 నేను రెండుసార్లు పెట్టించాను. ఒకసారి తిరిగొచ్చింది. రెండోసారి ఏలామా పోయి ఎలాలమ అయింది.

మే 13న పోలింగ్. బూత్‌లో మొదటి అధికారి ఓటరు పేరూ నంబరూ గట్టిగా చదవాలి, ఏజెంట్లు వినేలా. అధికారి చదివారు. మా పెద్దమ్మ బల్ల ముందు నిలబడే ఉంది, పలకలేదు. మళ్లీ చదివారు. ఆవిడ పక్కకు జరిగి, "ఆవిణ్ణి ముందు రానియ్యండి బాబూ, నాను తరవాత ఏస్తాను," అంది.

బూత్‌లో చిన్నగా నవ్వులు. ఒక పార్టీ ఏజెంటు మాత్రం నవ్వలేదు. ఈమె ఆ ఓటరు కాదని రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పాడు. రెండు రూపాయలంటే రెండు రూపాయలే, నియమం అది. అతను తన పని తను చేశాడు, పేరు విని తికమకపడ్డ మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ప్రిసైడింగ్ అధికారి ఓపికమంతుడు. ఊరివాళ్లను ఇద్దరిని పిలిచి అడిగారు, కార్డు మీది ఫొటో చూశారు, ఓటు వేయనిచ్చారు. కార్డులో చిన్న చిన్న అక్షర దోషాలుంటే వదిలెయ్యమని మీ సంఘం ఆదేశాలే ఉన్నాయని తర్వాత నాతో చెప్పారు కూడా. కానీ ఈ తతంగమంతా వరుసలో వెనకున్న ఆడవాళ్లు చూశారు. వాళ్లలో నలుగురు ఇంటికెళ్లిపోయారు. ఎందుకమ్మా అని సాయంత్రం అడిగితే ఒకావిడ, "పోలీసులొస్తారేమోనని," అంది. ఆ నాలుగు ఓట్లూ నాకే పడేవని అనడం లేదు. ఆవిడ మరిది వేరే పార్టీ జెండా మోశాడు, బహుశా అటే వేసేది.

మగవాళ్ల సంగతి వేరు. రుషికుల్య నది మొగ దగ్గర తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట నిషేధం. అందుకే మా కుర్రాళ్లు చెన్నై, విశాఖ, కేరళ పడవల మీదికి పోతారు. నిషేధం మధ్యలో పోలింగ్ పెడితే సగం ఇళ్లకు తాళాలే. వలస ఓటర్ల కోసం దూరం నుంచి వేసే ఓటు యంత్రాన్ని చూపిస్తామని 2023 జనవరిలో ఢిల్లీకి పార్టీలను పిలిచారని పేపర్లో చదివాను. అది మీ ఒక్కరి చేతిలో ఉన్న పని కాదు, అందుకే దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఒడియా మీద నాకు కోపం ఉందని ఎవరూ అనుకోకూడదు. పైగా ఈ బాధ ఏమిటో ఈ రాష్ట్రానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు కచేరీల్లో తెలుగు ఉద్యోగుల పెత్తనమని, తమ భాషకు చోటు లేదని ఇక్కడి ఒడియావాళ్లు ఏళ్ల తరబడి అర్జీలు పెట్టారు. వాళ్లు అన్నది నిజమే, మావాళ్లు అప్పుడు చేసింది తప్పే. ఆ అర్జీల ఫలితంగానే 1936 ఏప్రిల్ 1న దేశంలో భాష పేరు మీద ఏర్పడ్డ మొదటి రాష్ట్రంగా ఒడిశా వచ్చింది. అప్పుడు వాళ్లడిగిన దాంట్లో వందో వంతు ఇప్పుడు నేను అడుగుతున్నాను. ఇక్కడికి నూరు కిలోమీటర్లు దాటితే పర్లాకిమిడి. పలికినట్టు రాయాలని గిడుగు రామమూర్తి గారు పోరాడింది ఆ ఊళ్లోనే. ఆయన తెలుగుకోసమే కాదు, సవరల మాట నేర్చుకుని వాళ్లు పలికే తీరును అక్షరాల్లో పెట్టడానికి కూడా జీవితం ధారపోశారు. అలాంటి నేల మీద మనిషి పేరు మనిషికి తెలియకుండా రాయడం ఏం బాగుంటుంది?

నా తొందరకు ఇంకో కారణం ఉంది. 2025లో బిహార్‌లో ప్రత్యేక ముమ్మర సవరణ చేసినప్పుడు 2003 నాటి జాబితాలో పేరు చూపించుకోమన్నారు, లేనివాళ్లను కాగితాలు అడిగారు. అలాంటిదే మా ఒడ్డుకి వచ్చినరోజు, పాత జాబితాలో ఏలామా, కొత్త జాబితాలో ఎలాలమ, ఆధార్‌లో ఇంకో పేరు ఉన్న మనిషి, ముగ్గురూ నేనే అని ఎవరికి చెప్పుకోవాలి? ఆవిడ కొడుకు తన తల్లి ఎవరని ఏ పేరు చూపించాలి?

జాబితా ఏ భాషలో, ఏయే భాషల్లో ఉండాలో ఎన్నికల సంఘం చెప్పవచ్చని 1960 ఓటర్ల నమోదు నియమాల్లో నాలుగోది. ఒక జిల్లాలోగానీ అంతకన్నా చిన్న ప్రాంతంలోగానీ ఒక భాషవాళ్లు 15 శాతం ఉంటే ముఖ్యమైన ప్రకటనలు ఆ భాషలోనూ వెయ్యాలన్నది భాషా మైనారిటీలకు ఎప్పుడో ఇచ్చిన హామీ. మా బూతుల్లో 15 శాతం కాదు, తెలుగు రాని ఇల్లు వెతకాలి. అక్కడి జాబితాలో ఒడియా పక్కన తెలుగులో కూడా పేరు వెయ్యమని పైకి రాయండి. అది రావడానికి ఏళ్లు పడుతుందని తెలుసు. ఈలోపు డబ్బు ఖర్చు లేని పని ఒకటుంది. జాబితాను గ్రామసభలో చదివి వినిపించమని మీ పద్ధతే ఉంది. మా ఊళ్లో చదివారు కూడా, కానీ ఒడియా ఉచ్చారణలో గబగబా చదివితే సగం మంది తమ పేరు వచ్చిందని గ్రహించనే లేదు. ఈసారి బూత్ స్థాయి అధికారి పక్కన తెలుగు చదవగలిగిన మనిషిని కూర్చోబెట్టండి. పేరు చదివి, ఆ మనిషి చేత అది పలికించి, వాళ్లు పలికింది రాసుకోండి. మా ఊళ్లో టీచరమ్మలున్నారు, డిగ్రీ పిల్లలున్నారు, ఎవరూ కూలి అడగరు.

పోటీ చేసినప్పుడు కొనుక్కున్న జాబితా నా దగ్గరే ఉంది. నాలుగు బూతులకు ఇంటింటికీ తిరిగి ప్రతి పేరు పక్కనా అసలు పేరు పెన్సిలుతో తెలుగులో రాశాను. మీ మనిషి ఎప్పుడొచ్చినా ఇస్తాను. పొద్దున పదిలోపు మాత్రం వద్దని చెప్పండి. ఆ వేళలో ఆడవాళ్లంతా గంపలెత్తుకుని సంతకు పోతారు, ఊళ్లో పేరు చెప్పేవాళ్లుండరు.

ఇట్లు,
గంజాం తీరం నుంచి ఓడిపోయిన ఒక స్వతంత్ర అభ్యర్థి