హాస్టల్లో ఉన్న మా అమ్మలుకి

అమ్మలూ,

మొన్న నువ్వన్న మాట ఇంకా మనసులో మెదులుతూనే ఉంది. మీ మెస్సులో రోజూ రాత్రి డ్రమ్ముల కొద్దీ అన్నం పారబోస్తున్నారని, చెబుదామంటే 'నేనెవర్ని చెప్పడానికి, నా యాస విని నవ్వుతారు' అని ఊరుకున్నానని అన్నావు. అన్నం పోతోందని విని బాధేసింది, నిన్ను నువ్వు అంత తక్కువ చేసుకున్నందుకు ఇంకా బాధేసింది. ఫోన్లో అన్నీ చెప్పలేను, అందుకే రాస్తున్నా.

మన చేను కాలువకి శివారున ఉందని నీకు తెలుసుగా. ధవళేశ్వరంలో గోదారి మీద 1852లో ఆనకట్ట పూర్తయ్యాకే ఈ డెల్టా ఇలా పచ్చబడిందని అందరూ కాటన్ దొరకి దండలేస్తారు, వేయాల్సిందే. కానీ దాళ్వాలో, అదే రెండో పంటకి, నీళ్ళు తక్కువై వంతులు పెట్టినప్పుడు మనదాకా నీరు ఎలా వస్తుందనుకున్నావు? పై చేను రైతు తన వంతు అయిపోగానే, అర్ధరాత్రయినా సరే, టార్చిలైటు పట్టుకెళ్ళి నాలుగు మట్టిగడ్డలు వేసి తన చేలోకి నీరు పోయే బోదె కట్టేస్తేనే. ఆ వేళప్పుడు కాలువ నీళ్ళు చూసే లస్కరు ఉండడు, ఇంకో గంట వదిలేసుకున్నా అడిగే దిక్కులేదు. అయినా ఆ గడ్డల్ని కాలితో తొక్కి, ఎక్కడైనా నీరు కారుతోందేమోనని లైటేసి చూసి మరీ ఇంటికెళ్తాడు. అలా కట్టిన ఏడు మనకి గింజ దక్కింది, కట్టని ఏడు సరిగ్గా పొట్టదశలో చేను నెర్రెలిచ్చింది. ఆ నీళ్ళతో పండిన డబ్బుతోనే నీ ఫీజు కట్టాం తల్లీ, ఇక 'నా ఒక్కదాని వల్ల ఏమవుతుంది' అని నా దగ్గర అనకు.

బస్సులో గన్నవరం అక్విడక్టు, అదే ఏటి మీదుగా కాలువని దాటించే వంతెన, దాటేటప్పుడు ఒకసారి డొక్కా సీతమ్మ గారిని తలుచుకో, దానికి ఆవిడ పేరే పెట్టారు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలిగా వచ్చిన మామూలు ఇల్లాలు. పదవి లేదు, హోదా లేదు. గోదారి పాయలు దాటి ఆకలితో వచ్చినవాళ్ళకి ఏ వేళైనా పొయ్యి వెలిగించి అన్నం పెట్టింది, అంతే. నేను పెట్టదగినదాన్నేనా అని ఆవిడ ఎవర్నీ అడగలేదు. ఇప్పుడు బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ప్రభుత్వం ఆవిడ పేరే పెట్టింది.

నువ్వు ముందు నీ కంచంలో ఒక్క గరిటె తక్కువ వడ్డించమను, చాలకపోతే మళ్ళీ వెళ్ళు. తర్వాత వంటాయన్ని మర్యాదగా అడుగు. నాకైతే శని, ఆదివారాలు సగం మంది ఊళ్ళకి పోయినా అందరికీ వండేస్తున్నారేమోనని అనుమానం. ముందురోజే ఎవరు తింటారో పేర్లు రాసుకునే కాగితం ఒకటి గోడకి అంటిస్తే ఆయనకీ తేలిక. నారుమడి నుంచి నూర్పిడి దాకా దగ్గరుండి చూసిన పిల్లవి, అన్నం గురించి మాట్లాడడానికి నీకు కాక ఇంకెవరికుంది హక్కు? నీ యాసలోనే మాట్లాడు. నవ్వేవాళ్ళు రెండు రోజులు నవ్వుతారు, నవ్వనీ. వాళ్ళ మార్కులతో, వాళ్ళ ఇంగ్లీషుతో నిన్ను కొలుచుకుని టెన్షన్ పడకు, నువ్వేంటో మాకు తెలుసు, నీకూ తెలియాలి.

వంటాయన ఏమన్నాడో చెప్పు. ఒప్పుకోకపోతే వార్డెన్ గారితో ఎలా మాట్లాడాలో ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం. సంక్రాంతికి రైలు టికెట్టు ఇప్పుడే చేయించుకో, తర్వాత దొరకదు. మీ రూము పిల్లలక్కూడా ఆత్రేయపురం పూతరేకులు కట్టించి పెడతా.

అమ్మ