చర్చి తలుపు రోజూ తెల్లవారుజామున తెరవండి

సంపాదకులకు నమస్కారం.

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలం 40 రోజులూ నేనెరిగిన చర్చిల్లో ఏదో ఒక పూట ప్రార్థన జరుగుతుంది. ఈస్టర్ వెళ్లిన మర్నాడే గేటుకు తాళం పడుతుంది. మళ్లీ తీసేది ఆదివారమే. దీని గురించి మా కడప సంఘ పెద్దలకు మీ పత్రిక ద్వారా ఒక మనవి చేసుకుంటున్నాను.

ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. లండన్ మిషన్ వాళ్లు 1822లో కడపలో పని మొదలుపెట్టారు. మా తాత ఆ మిషన్ కాంపౌండులోనే తోటమాలి. అలాంటి ఇంట్లో పుట్టి కూడా, ఉద్యోగంలో చేరాక నా ఆదివారాలన్నీ డ్యూటీలకే పోయాయి. ఏడాదికోసారి సెలవు పెట్టి ఉజ్జీవ సభలకు వెళ్లేవాణ్ణి. మూడు రాత్రులు ఏడ్చి ప్రార్థించేవాణ్ణి. వారం తిరక్కముందే చిల్లర దగ్గర ముసలివాళ్ల మీద కూడా అరిచేవాణ్ణి. ఇంటికొస్తే అదే టెన్షన్, అదే కోపం. మా పెద్దమ్మాయి జబ్బుపడిన ఏడాదైతే ప్రార్థన నోటికే రాలేదు. బైబిలు బీరువా మీద ఉండేది, అంతే.

ఆ రోజుల్లో పెన్నా ఒడ్డున ఒక పల్లెకు నైట్ హాల్ట్ డ్యూటీ పడింది. ఒక రాత్రి నిద్ర పట్టక నాలుగున్నరకే బస్సు దిగి బోరింగు దగ్గర మొహం కడుక్కుంటున్నాను. ఎదురుగా చిన్న ప్రార్థన మందిరం. ఒక అవ్వ తలుపు తీసి కసువు ఊడుస్తోంది. నన్ను చూసి, "నిద్ర పట్టలేదా నాయనా? రా, కూచ్చో" అంది. లోపల నేలంతా కడప బండలు, కాళ్లకు చల్లగా తగిలాయి. ఆమె చీపురు మూలన పెట్టి మోకాళ్ల మీద కూర్చుంది. చదువు రాదట. 23వ కీర్తన కంఠతా చెప్పి, ఇంటింటినీ తలుచుకోవడం మొదలుపెట్టింది. బావి కాడ ఇంటి కోడలికి నెలలు నిండాయి తండ్రీ. మగ్గమాయనకు చూపు ఆనడం లేదు తండ్రీ. అప్పులకు భయపడి ఊరొదిలిన పిల్లోణ్ణి ఇంటికి తోలు తండ్రీ. చివర్లో, "ఈ బస్సాయన మనసులో ఏముందో నీకు తెలుసు తండ్రీ" అంది. నేను ఆమెతో ఒక్క మాట చెప్పి ఉండలేదు. చాలా నెలల తర్వాత ఆ రోజు ప్రార్థన చేశాను.

తర్వాత ఆ డ్యూటీ పడినప్పుడల్లా ఆ మందిరంలో కూర్చున్నాను. వేరే రూటులో ఉంటే మొదటి ట్రిప్పుకు ముందు బస్సు వెనక సీట్లోనే పావుగంట. యేసుప్రభువు కూడా ఇంకా చీకటి ఉండగానే లేచి ఒంటరిగా ప్రార్థించాడని మార్కు సువార్తలో ఉంది కదా. నా కోపం ఒక్కరోజులో పోలేదు. కానీ చిల్లర లేనప్పుడు టికెట్టు వెనక రాసిచ్చి, దిగేటప్పుడు నేనే పిలిచి ఇవ్వడం అలవాటైంది. ఇంట్లో నా గొంతు తగ్గిందని మా ఆవిడే అంది.

ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా. బైబిలు నిర్గమకాండంలోని దాని సంగతి నాకు అప్పుడు అర్థమైంది. పొద్దున్నే మంచు ఆరిన చోట పడి ఉండేది. ఎవరికి ఎంత కావాలో అంత ఏరుకోవాలి. ఎండ ముదిరితే కరిగిపోయేది. ఆశపడి మర్నాటికి దాస్తే పురుగు పట్టింది. ఉజ్జీవ సభలు వద్దని నేననను, వాటిలో మారిన మనుషులను చూశాను. నేను చేసిన తప్పల్లా మూడు రాత్రుల మన్నాను ఏడాదంతా తినాలనుకోవడం. దేవుని వాత్సల్యం అనుదినం కొత్తగా పుడుతుందని విలాపవాక్యాల్లో చదువుతాం. అలాంటప్పుడు ఆయన దగ్గర కూర్చునే చోటు వారానికి ఒక్కరోజే తెరిస్తే ఎలా?

ఇంట్లో చేసుకోవచ్చు కదా అంటారు. ఒంటి గదిలో ఐదుగురు పడుకునే ఇళ్లలో ఎక్కడ మోకరించాలి? నైట్ డ్యూటీ దిగే నర్సమ్మలు, తెల్లారకముందే రోడ్లూడ్చేవాళ్లు, హాస్టలు పిల్లలు, ఆటోవాళ్లు దారిలో పది నిమిషాలు ఆగడానికి చోటుంటే చాలు. మైకు వద్దు, ప్రసంగం వద్దు. ఐదు నుంచి ఏడు దాకా తలుపు, ఒక లైటు. సామాన్లు పోతాయనే భయం నిజమే. కీబోర్డు, మైకు సెట్టు లోపలి గదిలో పెట్టి తాళం వేసుకోవచ్చు. సంఘంలో నాలాంటి రిటైరైనవాళ్లు వంతులు వేసుకుని కాపలా కూర్చోవచ్చు.

మా సంఘ పెద్దలను ఇప్పటికే అడిగాను, ఆలోచిస్తామన్నారు. తాళంచెవి నాకిస్తే రేపటి నుంచే నాలుగున్నరకు వెళ్లి ఊడ్చి పెడతాను.

– ఒక విశ్రాంత ఆర్టీసీ కండక్టరు, కడప