సంతకం పెట్టే ముందు సెల్లార్ చూడరా

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. ఫ్యాక్టరీల మధ్య లేచిన ముప్ఫై అంతస్తుల ఐటీ టవర్లో ఒక ఫ్లోరు బేరమాడుతున్నావన్నమాట, చాలా సంతోషం. కానీ అద్దాల గోడలూ ఎత్తైన లాబీ చూసి సంతకం పెట్టెయ్యకు. ముందు సెల్లార్, తర్వాత కేబుళ్లు పైకెళ్లే షాఫ్టు, ఆఖర్న టెర్రస్ చూడు. పారిశ్రామికవాడలో పక్క ఫ్యాక్టరీ ప్రభావం కరెంటు తీగలోంచీ, గాలిలోంచీ నీ ఆఫీసులోకి వచ్చేస్తుంది.

కరెంటు సంగతే ముందు చెబుతా, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. పెద్ద మోటారును నేరుగా స్టార్ట్ చేస్తే మామూలు కంటే ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది. అదే ఫీడరు (కరెంటు సరఫరా లైను) మీదున్న బిల్డింగులో వోల్టేజీ ఓ అర సెకను కుంగుతుంది. చూసేవాళ్లకి లైటు మినుక్కుమన్నట్టే ఉంటుంది. ఆ అర సెకనులోనే, బిల్డింగుని చల్లబరిచే చిల్లర్ యంత్రం ప్యానెల్లో కాంటాక్టరు, అంటే కరెంటు కలిపి ఉంచే స్విచ్చు, టక్కున విడిపోతుంది. యూపీఎస్ ఉంది కాబట్టి కంప్యూటర్లకేమీ కాదు, చల్లదనం మాత్రం ఆగిపోతుంది. చిల్లర్ మళ్లీ ఎత్తుకోవాలంటే దాని టైమర్ పూర్తవ్వాలి, కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోపు మూసి ఉన్న సర్వర్ గది కాగిపోతుంది. జనరేటరా? కరెంటు పూర్తిగా పోలేదుగా, అది స్టార్టే అవ్వదు. అందుకే చిల్లర్ కంట్రోల్ సర్క్యూట్ యూపీఎస్ మీద ఉందా, వోల్టేజీ తగ్గితే యంత్రాన్ని ఆపేసే అండర్ వోల్టేజ్ రిలేకి ఎంత డిలే పెట్టారు అని అడుగు. ఏడాది పాటు నమోదైన వోల్టేజీ డిప్‌ల (ఇలా కుంగిన సందర్భాల) రికార్డు కూడా చూపించమను.

సెల్లార్‌కి దిగి జనరేటర్ ఏర్పాట్లు చూసినప్పుడు డీజిల్ లెక్క ఒక్కటి వేసుకో. 1000 కేవీఏ సైజు జనరేటర్ సెట్టంటే దాదాపు 800 కిలోవాట్లు, నిండు లోడు మీద గంటకి 200 లీటర్లు దాటి తాగుతుంది. ట్యాంకు ఎన్ని లీటర్లో తెలిస్తే ఎన్ని గంటలు నడుస్తుందో నీకే తెలిసిపోతుంది.

ఇక గాలి. చుట్టుపక్కల గంధకం వాయువులు వదిలే పరిశ్రమలుంటే సర్వర్ బోర్డుల మీది రాగినీ, వెండినీ అవి నెమ్మదిగా తినేస్తాయి. టెర్రస్ మీది ఏసీ రాగి గొట్టాలు గోధుమరంగుకి తిరగడం మామూలే, మసి పట్టినట్టు నల్లగా ఉంటే అనుమానించు. తేల్చుకోవడానికి మంచి మార్గముంది. మెరుగుపెట్టిన చిన్న రాగి పట్టీ, వెండి పట్టీ 30 రోజులు గదిలో వేలాడదీసి ల్యాబుకి పంపడమే. తుప్పు పొర రాగి మీద 300 ఆంగ్‌స్ట్రాముల (ఒక్కోటి మిల్లీమీటరులో కోటో వంతు) లోపు, వెండి మీద 200 లోపు ఉంటే బెంగలేదు. దాటితే మామూలు ఫిల్టర్లు చాలవు, అవి దుమ్మునే ఆపుతాయి. వాయువుకి యాక్టివేటెడ్ కార్బన్ లాంటి రసాయన ఫిల్టరు కావాలి, దాన్ని గడువు ప్రకారం మార్చాలి. బయటి గాలి పీల్చే జాలీ ఎటువైపుందో కూడా చూడు. లారీలు సరుకు దించే చోటుకో, జనరేటర్ పొగగొట్టానికో ఎదురుగా ఉంటే ఆ బిల్డింగు వద్దనే అంటాను.

స్లాబు బలం అడగడం మర్చిపోకు. ఆఫీసు ఫ్లోరుని సాధారణంగా చదరపు మీటరుకి 250 నుంచి 400 కిలోల బరువుకి డిజైన్ చేస్తారు. నిండా నింపిన సర్వర్ ర్యాకు ఒక టన్ను ఉండొచ్చు, అది ఆక్రమించేది 0.72 చదరపు మీటర్లే. అంటే చదరపు మీటరుకి దాదాపు 1,400 కిలోలు! యూపీఎస్ బ్యాటరీలదీ అదే తంతు. బీముల మీద పడేలా కింద ఉక్కు ఫ్రేము వేయించాలి, అదీ స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క కట్టాకే.

లిఫ్టుల లెక్క నువ్వే వేసుకోవచ్చు. ఒకచోట వరసగా ఉన్న లిఫ్టుల మీద 2,000 మంది ఆధారపడితే, పొద్దున రద్దీలో ఐదు నిమిషాల్లో 12 శాతం, అంటే 240 మందిని మోయాలి. 20 మంది పట్టే లిఫ్టులో నిజంగా ఎక్కేది 16 మందే. వెళ్లి రావడానికి రెండున్నర నిమిషాలైతే ఐదు నిమిషాల్లో 32 మంది. అంటే ఎనిమిది లిఫ్టులు కావాలి. ఆరే ఉంటే లాబీలో క్యూ ఖాయం.

కేబుళ్ల షాఫ్టు చూడమన్నానే, అందులోకి టార్చి వేసి చూడు. కొత్త కంపెనీ వచ్చినప్పుడల్లా స్లాబులో రంధ్రం చేసి కేబులు లాగుతారు, చుట్టూ మంటా పొగా దాటకుండా ఆపే ఫైర్ సీలెంట్ నింపకుండా వదిలేస్తారు. కింద అంటుకుంటే ఆ సందుల్లోంచే పొగ పై అంతస్తులకి పాకుతుంది. కింది అంతస్తు వెలుతురు కనబడిందంటే సీలు లేనట్టే. అలాగే మెట్లదారిలోకి పొగ రాకుండా గాలి నెట్టే ప్రెషర్ ఫ్యాను ఆన్ చేయించి, తలుపు సందు దగ్గర పల్చటి కాగితం పట్టుకో. మెట్లవైపు నుంచి ఆఫీసువైపుకి ఎగరాలి. సిగరెట్ల కోసం ఆ తలుపుకి చెక్క అడ్డం పెట్టి ఉంచుతున్నారంటే, ఫ్యాను ఎంత మంచిదైనా పొగ మెట్లలోకొస్తుంది. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకురా, మనుషుల ప్రాణాలు.

ఇంటర్నెట్ రెండు కంపెనీల దగ్గర తీసుకుంటే చాలనుకోకు. రెండు ఫైబర్లూ ఒకే పైపులో వస్తే జేసీబీ ఒక్క పోటుకి రెండూ తెగుతాయి. బిల్డింగుకి రెండు వైపుల నుంచి వచ్చి, వేర్వేరు షాఫ్టుల్లో ఎక్కాలి.

పనిరోజున, పొద్దున తొమ్మిదింటికి వెళ్లి చూడు. ఆదివారం ఏ బిల్డింగైనా బాగానే ఉంటుంది. స్ట్రక్చరల్ డ్రాయింగ్ కాపీ దొరికితే నాకు పంపు, బ్యాటరీలు ఎక్కడ పెడితే మేలో బీములు చూసి గుర్తుపెట్టి పంపిస్తాను.

నీ నేస్తం