కరెంటు పోతే అలారం కబురు చేరదు

సంపాదకుల వారికి,

కరెంటు పోయిన రాత్రుల్లో తాళం వేసిన ఇళ్లకు కన్నాలు పడుతున్నాయని పోయిన వారం మీరు వేసిన వార్త చదివినప్పటి నుంచి రాయాలనే అనుకుంటున్నాను. అందులో అధికారులు అలారం పెట్టించుకోమని సలహా ఇచ్చారు. మా ఇంట్లో అలారం ఉంది. మేం ఊళ్లో లేని ఒక రాత్రి కరెంటు పోయి తెల్లారేదాకా రాలేదు, వెనక తలుపు తెరుచుకుని సైరన్ మోగింది, ఆ సంగతి మర్నాడు పక్కింటావిడ చెబితేనే మాకు తెలిసింది. ఫోనుకు ఒక్క మెసేజ్ రాలేదు.

బిగించిన వాళ్లను అడిగితే "ప్యానెల్లో బ్యాటరీ ఉంది కదా సార్" అన్నారు. ప్యానెల్ అంటే అలారాన్ని నడిపే పెట్టె. అందులో బ్యాటరీ ఉంది, అందుకే సైరన్ మోగింది. కానీ కబురు బయటికి వెళ్లాల్సింది ఇంటర్నెట్ రౌటర్, ఫైబర్ తీగ వచ్చి చేరే ఫైబర్ డబ్బా మీదుగా. కరెంటు పోగానే ఆ రెండూ ఆగిపోయాయి. ఈ ముక్క బిగించిన రోజే ఎందుకు చెప్పలేదు? ఇంటర్నెట్ వాళ్లేమో కరెంటు సంగతి మాకు సంబంధం లేదంటారు, కరెంటు ఆఫీసులో అసలు ఫోనే ఎత్తరు, ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. బిల్లు మాత్రం ముగ్గురూ టైముకు పంపిస్తారు.

పాత ల్యాండ్‌లైన్‌కు ఈ బాధ ఉండేది కాదు. ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి 48 వోల్టులు రాగి తీగలోనే వచ్చేవి, ఇంట్లో దీపం లేకపోయినా ఫోను పలికేది. ఫైబర్‌లో వెలుతురు వస్తుంది గానీ కరెంటు రాదు. అమెరికాలో 2015లోనే, ఇలా తీగలో కరెంటు రాని ఫోన్ కనెక్షన్ ఇచ్చేవాళ్లు అడిగిన వినియోగదారుడికి 8 గంటల బ్యాకప్ అమ్మి తీరాలని నిబంధన పెట్టారు. మనకు ఆ ఆలోచన ఎవరికీ రాలేదా?

ఇది పెద్ద ఖర్చు పనేం కాదు. రౌటర్లలో చాలావరకు 12 వోల్టులతోనే నడుస్తాయి, వాటికోసం చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. రౌటర్, ఫైబర్ డబ్బా కలిపి 15 వాట్లు లాగుతాయనుకున్నా, 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ మీద నాలుగైదు గంటలు గడుస్తుంది. దానితోపాటు ప్యానెల్లో సిమ్ కూడా ఉంటే ఒక దారి మూసుకున్నా రెండోది ఉంటుంది. అయితే ఆ సిమ్ 2జీ మీదో 3జీ మీదో నడిచేదైతే నమ్మకండి, ఆ నెట్‌వర్కులను చాలా దేశాల్లో ఒక్కొక్కటిగా మూసేస్తున్నారు. సెల్ టవర్ బ్యాటరీ కూడా రాత్రంతా ఉంటుందన్న భరోసా లేదు, అందుకే రెండు దారులూ కావాలంటున్నాను. ప్యానెల్ బ్యాటరీ నాలుగైదేళ్లకు నీరసపడుతుంది, మార్చమని గుర్తుచేసే ఫోన్ మాకు ఇంతవరకు రాలేదు.

బిగించిన వాళ్లు డబ్బు తీసుకునే ముందు ఇంటి మెయిన్ స్విచ్ ఆపి, తలుపు తెరిచి, యజమాని ఫోనుకు మెసేజ్ వచ్చిందని చూపించాలి. ఈ పరీక్షను అధికారులు తప్పనిసరి చేయాలి. మీరు కూడా ఈసారి అలాంటి వార్త వేసినప్పుడు అలారం పెట్టించుకోండి అన్న మాట దగ్గరే ఆపకుండా, మెయిన్ ఆపి ఒకసారి చూసుకోమని ఇంకో వాక్యం కలపండి.

ఇట్లు,
మీ పాఠకుడు